నోటి క్యాన్సర్‌లో వైరస్ వాటా ఎంత? పాఠకుల ప్రశ్నలకు వైద్యుల జవాబులు

విశాఖ, అనకాపల్లి చుట్టుపక్కల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి: హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. రిపోర్టులో ఆ మాట చూసి కొందరు హడలిపోతున్నారు, కొందరు లేనిపోని ధీమాతో చికిత్స మధ్యలో ఆపేద్దామనుకుంటున్నారు. తల, మెడ క్యాన్సర్లు చూసే సర్జన్, రేడియేషన్ వైద్యుడు, పాథాలజిస్టు కలిసి ఇచ్చిన జవాబులివి. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్ర: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఖైనీ అలవాటుంది. నాలుక పక్కన పుండు పడితే ఆపరేషన్ చేశారు. కణితి 3 సెంటీమీటర్లు, లోతు 12 మిల్లీమీటర్లు, మెడలో అదే వైపు రెండు బిళ్లల్లో క్యాన్సర్ ఉంది, అందులో ఒకటి పొర దాటింది అని రిపోర్టు ఇచ్చారు. చివర్లో ‘పీ16 పాజిటివ్’ అని ఉంది. అలా ఉంటే మంచిదే, త్వరగా తగ్గిపోతుందని మా బంధువుల మాట. డాక్టర్లేమో రేడియేషన్, కీమో రెండూ ఇవ్వాలంటున్నారు. అంత అవసరమా?
— గాజువాక నుంచి ఓ కూతురు

జ: అవసరమే. పీ16 అన్నది హెచ్‌పీవీ ఉందేమోనని చూసే గుర్తు. మీ బంధువులు విన్నది నిజమే గానీ, అది వేరే చోట వచ్చే క్యాన్సర్ సంగతి.

మా లెక్కలో నోరు వేరు, గొంతు పైభాగం వేరు. బుగ్గ లోపలి పొర, చిగుళ్లు, నాలుక కింది భాగం, గట్టి అంగిలి, నాలుకలో ముందరి మూడింట రెండు వంతులు నోటి కిందికి వస్తాయి. నాలుక మొదలు, టాన్సిళ్లు, కొండనాలుక, మెత్తని అంగిలి గొంతు కిందికి వస్తాయి. హెచ్‌పీవీ, అందులోనూ 16వ రకం, తిష్ఠ వేసేది టాన్సిళ్లలోనూ నాలుక మొదట్లోనూ ఉండే సన్నని గుంటల్లో. అక్కడ వైరస్ వల్ల పుట్టిన క్యాన్సర్ చికిత్సకు బాగా లొంగుతుంది. నోట్లో వచ్చేవాటి కథ వేరు. కచ్చితమైన పరీక్షలు చేసి చూసిన అధ్యయనాల్లో వైరస్ వల్ల వచ్చిన నోటి క్యాన్సర్లు నూటికి ఐదారుకు మించలేదు. మన దగ్గర నోటి క్యాన్సర్‌కి పెద్ద కారణాలు పొగాకు, వక్క, మద్యం. వైరస్ ఉన్న ఆ కొద్దిమందికైనా దానివల్ల మేలు జరుగుతుందని తేలలేదు. కొన్ని అధ్యయనాల్లో కాస్త మేలు కనబడింది, కొన్నింట్లో తేడా లేదు, కొన్నింట్లో కీడే కనబడింది. అందుకే నోటి క్యాన్సర్‌కి పీ16 చూసి చికిత్స మార్చరు.

చోటు మారితే లెక్క ఎంత మారుతుందో మీ నాన్నగారి రిపోర్టులోనే చూడొచ్చు. 2018 నుంచి వాడుకలో ఉన్న ఎనిమిదో కూర్పు స్టేజింగ్ ప్రకారం 3 సెంటీమీటర్ల కణితి 10 మిల్లీమీటర్లు దాటి లోతుకు వెళ్లింది కాబట్టి టీ3 (టీ అంటే కణితి, ఎన్ అంటే మెడ బిళ్లలు). ఒకటికి మించి బిళ్లల్లో వ్యాధి ఉండి, ఒకటి పొర దాటింది కాబట్టి ఎన్3బీ. మొత్తం కలిపి స్టేజి 4బీ. ఇవే కొలతలు పీ16 పాజిటివ్ టాన్సిల్ క్యాన్సర్‌లో ఉంటే అదే కూర్పు ప్రకారం టీ2, ఎన్1, అంటే స్టేజి 1! అంతర్జాలంలో చదివి ‘మనది స్టేజి ఒకటే’ అనుకునేవాళ్లు పడే పొరపాటు సరిగ్గా ఇక్కడే. 4బీ అన్నారని కుంగిపోనక్కర్లేదు కూడా. బిళ్ల పొర దాటినందువల్ల వచ్చిన అంకె అది. ఇలాంటివారికి నయం చేసే ఉద్దేశంతోనే వైద్యం చేస్తారు.

ఇంతకీ పీ16 వైరస్ కాదు, మన కణాల్లోనే ఉండే ప్రోటీన్. వైరస్ తయారుచేసే ఈ7 అనే ప్రోటీన్, కణం అదుపు తప్పకుండా చూసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పడగొడుతుంది. దాంతో పీ16 పేరుకుపోతుంది. వైరస్ లేకుండా మరో కారణంతో ఆర్‌బీ దెబ్బతిన్నా ఇదే జరుగుతుంది. కుక్క మొరిగిందని దొంగ వచ్చాడని తేల్చలేం కదా, ఇదీ అంతే. టాన్సిల్‌లో ఆ మొరుగుడు చాలావరకు నమ్మదగ్గది, నాలుక పక్కన కాదు. పైగా కణాల్లో కనీసం 70 శాతం, కేంద్రకమూ చుట్టూ ఉన్న ద్రవమూ రెండూ ఓ మోస్తరు నుంచి గట్టిగా రంగు పట్టుకుంటేనే పాజిటివ్ అనాలి. అక్కడక్కడా రంగు పట్టిందని ‘ఫోకల్ పాజిటివ్’ రాస్తే అది నెగెటివ్ కిందే లెక్క.

ఇప్పుడు మీరు గమనించుకోవాల్సింది తేదీలు. ఆపరేషన్ అయిన రోజు నుంచి 6 వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. ముఖానికి మాస్కు అచ్చు తీయడం, సీటీ, ప్లానింగ్‌కే వారం పది రోజులు పడుతుంది. పాడైన పళ్లుంటే ముందే తీసేయాలి, ఆ గాయం మానడానికి రెండు మూడు వారాలు కావాలి. అంటే కుట్లు విప్పేనాటికే పళ్ల డాక్టరుకి చూపించేసి ఉండాలి. ‘రేడియేషన్ డాక్టరు దగ్గరికి వెళ్లాక చూద్దాం’ అనుకుంటే నెల గడిచిపోతుంది. మామూలుగా ఇచ్చేది వారానికి ఐదు రోజుల చొప్పున 30 నుంచి 33 సిట్టింగులు, మొత్తం 60 నుంచి 66 గ్రే (గ్రే అంటే కిరణాల మోతాదు కొలత). బిళ్ల పొర దాటింది కాబట్టి దానితోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. ఆ మందుకు ముందు క్రియాటినిన్, వినికిడి పరీక్ష చేయించాలి. కిడ్నీలనీ చెవులనీ దెబ్బతీసే మందు అది.

ప్ర: మాది భీమిలి దగ్గర పల్లె. మా మామ్మకి 66 ఏళ్లు, వయసులో ఉన్నప్పట్నుంచీ చుట్ట అడ్డపొగ తాగుతుంది. అంగిట్లో ఎర్రగా పుండు పడి రెండు నెలలైంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ముందు వైరస్ పరీక్ష చేయిద్దామా?

జ: వైరస్ పరీక్షకు పెట్టే డబ్బూ, రోజులూ ముక్క పరీక్షకు పెట్టండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటున్న మనిషికి గట్టి అంగిలి మీద పుండు వస్తే కారణం కోసం వెతకక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరిశీలించి రాసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. ఆ దశకంలోనే విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు కూడా అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న సంబంధాన్ని చూపించారు. మిగతా ప్రపంచంలో గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు, మన తీరంలో మాత్రం పాత పరిచయమే. వైరస్ ఉందని తేలినా లేదని తేలినా మీ మామ్మ చికిత్సలో పిసరంత కూడా తేడా రాదు.

ముక్క తీస్తే పాకుతుందన్నది ఉత్త అపోహ. రెండు వారాల్లో మానని పుండు దేనికైనా బయాప్సీ చేయాలి. మీకు రెండు నెలలైంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పావుగంటలో తీసేస్తారు. పుండు నడిమధ్య చచ్చిన కణాలే ఎక్కువ, అక్కడ తీస్తే ‘ఏమీ తేలలేదు’ అని రిపోర్టు వస్తుంది. పుండు అంచు, పక్కనున్న మామూలు పొర కలిసేలా తీయాలి. మొదటి ముక్కలో ఏమీ లేదని వచ్చినా పుండు అలాగే ఉంటే మళ్లీ తీయించాల్సిందే. చుట్ట ఈ రోజే మానిపించండి. నిప్పు బయటికి పెట్టి తాగితే ఫర్వాలేదనుకోవద్దు.

క్యాన్సర్ అని తేలితే ఎముక ఎంతవరకు తిన్నదో చూడ్డానికి సీటీ తీస్తారు. అంగిలికీ ముక్కుకీ మధ్య ఉన్నది పల్చని ఎముకే. ఆ భాగం తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం మిగులుతుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. దాన్ని మూయడానికి అబ్చురేటర్ అనే ప్లేటు పెడతారు. దీని అచ్చు ఆపరేషన్‌కు ముందే తీయాలి. చాలామంది దగ్గర జారిపోయేది ఇదే. సర్జన్ తేదీ ఇచ్చిన రోజే ‘పళ్లు కట్టే డాక్టరుకి ఎప్పుడు చూపించాలి?’ అని అడగండి. ప్లేటు బల్ల మీద సిద్ధంగా ఉంటే ఆపరేషన్ థియేటర్లోనే బిగిస్తారు, త్వరగా నోటితో తాగగలుగుతుంది. లేకపోతే ముక్కులో గొట్టంతో ఎక్కువ రోజులు గడపాలి.

విశాఖలో కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గానీ, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ తీసుకెళ్లొచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కోసం ఆధార్, రైస్ కార్డు వెంట ఉంచుకోండి.

ప్ర: మా ఆయనకు 48 ఏళ్లు. టాన్సిల్ క్యాన్సర్, హెచ్‌పీవీ వల్ల అన్నారు. సిగరెట్, మందు ఏవీ లేవు. అది శారీరక సంబంధాల వల్ల వస్తుందని చదివాను. అడగలేక, అడగకుండా ఉండలేక నలిగిపోతున్నాను. నాకూ పిల్లలకూ అంటుతుందా? గిన్నెలు వేరుగా పెట్టాలా?
— ఎంవీపీ కాలనీ

జ: ముందు చిన్న ప్రశ్నకి: గిన్నెలు, గ్లాసులు, తువ్వాళ్లు వేరు చేయనక్కర్లేదు. కలిసి తినొచ్చు, పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చు. క్యాన్సర్ అంటదు.

ఇక పెద్ద ప్రశ్న. హెచ్‌పీవీ నోట్లోకి ముఖ్యంగా చేరేది నోటితో జరిగే లైంగిక సంపర్కం ద్వారా, నిజమే. కానీ ఇది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువమందికి సోకే వైరస్. చాలామందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని వెళ్లగొడుతుంది, వచ్చిన సంగతే తెలియదు. కొద్దిమందిలో మాత్రం ఉండిపోతుంది. అలా ఉండిపోయినా క్యాన్సర్ కావడానికి పదులకొద్దీ ఏళ్లు పడుతుంది. మీ ఆయనకు అది పాతికేళ్ల కిందట పెళ్లికి ముందు సోకి ఉండొచ్చు, పెళ్లయ్యాక మీ ఇద్దరి మధ్యే వచ్చి ఉండొచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది తేల్చే పరీక్ష ఏదీ లేదు. నిన్నమొన్న ఏదో జరిగిందనడానికి ఈ రిపోర్టు రుజువు కాదు. ఈ మాట మీ ఇద్దరికీ కలిపి చెప్పమని వైద్యుణ్ణి అడగండి. విడివిడిగా విన్న మాటలు ఇంటికొచ్చేసరికి రకరకాలుగా మారిపోతాయి.

మీకు నోటి వైరస్ పరీక్ష అక్కర్లేదు. ఇలాంటి రోగుల జీవిత భాగస్వాముల నోళ్లలో ఈ వైరస్ కనబడే శాతం మామూలు జనంలో ఉన్నంతే. మీరు 30 దాటి ఉంటే గర్భాశయ ముఖద్వారం స్క్రీనింగ్ మాత్రం చేయించుకోండి. అది మీ ఆయన జబ్బుతో పని లేకుండా అందరు ఆడవాళ్లూ చేయించుకోవాల్సింది.

ఆయన విషయంలో అంకెలు నిజంగా ధైర్యమిచ్చేవే. ఇలాంటి గొంతు క్యాన్సర్ రోగుల మీద 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, వైరస్ వల్ల వచ్చినవారిలో మూడేళ్ల తర్వాత 82 శాతం మంది బతికి ఉన్నారు, వైరస్ లేనివారిలో 57 శాతం. ‘బాగా లొంగుతుంది కదా, చికిత్స తగ్గిద్దాం’ అని సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ అనే మరో మందు ఇచ్చి చూశారు. రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ ఫలితం తగ్గింది. కాబట్టి పూర్తి చికిత్సే తీసుకోవాలి: 35 సిట్టింగులు, 70 గ్రే, సిస్‌ప్లాటిన్.

ప్ర: టాన్సిల్ క్యాన్సర్, పీ16 పాజిటివ్. కానీ రోజుకు పది సిగరెట్లు పాతికేళ్లు కాల్చాను. నాకూ ఆ ‘మంచి ఫలితం’ ఉంటుందా?
— కంచరపాలెం

జ: కొంత తరుగుతుంది. ఒక పెట్టె, అంటే 20 సిగరెట్లు, రోజూ ఏడాదిపాటు కాలిస్తే ఒక ప్యాక్-ఇయర్. మీది అర పెట్టె చొప్పున 25 ఏళ్లు కాబట్టి 12.5. గీత 10 దగ్గర ఉంది. పైన చెప్పిన అధ్యయనంలోనే వైరస్ ఉండి 10 లోపు కాల్చినవారిని తక్కువ ప్రమాదం గుంపులో వేశారు, మూడేళ్లకు 93 శాతం మంది బతికి ఉన్నారు. వైరస్ ఉన్నా 10 దాటి కాల్చి, మెడలో బిళ్లలు కూడా ఎక్కువగా ఉన్నవారు మధ్య గుంపు, 71 శాతం. వైరస్ లేనివారిలో ఎక్కువమంది పడే చివరి గుంపులో 46. మీకు మెడలో బిళ్లలు లేకపోయినా, 6 సెంటీమీటర్లకు మించని ఒకే బిళ్ల ఉన్నా, 10 దాటినా మొదటి గుంపే. అలా కాకపోతే మధ్యది.

మీరు ఇంకో పరీక్ష అడిగి చేయించుకోవాలి. పీ16తోపాటు వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష, అంటే హెచ్‌పీవీ ఇన్‌సైటు హైబ్రిడైజేషన్ లేదా పీసీఆర్. ఏడున్నర వేల మందికి పైగా రోగుల వివరాలు కలిపి 2023లో ప్రచురించిన విశ్లేషణలో, రెండూ పాజిటివ్ అయినవారిలో ఐదేళ్లకు 81 శాతం, రెండూ నెగెటివ్ అయినవారిలో 40 శాతం, ఏదో ఒకటే పాజిటివ్ అయినవారిలో 53 నుంచి 55 శాతం బతికి ఉన్నారు. వైరస్ వాటా తక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే ఈ పొంతన కుదరకపోవడం ఎక్కువ. పొగాకు రాజ్యమేలే మన దగ్గర ఒక్క పీ16ని పట్టుకుని భరోసా ఇవ్వడం తొందరపాటే.

కొత్తగా ముక్క తీయనక్కర్లేదు. మొదటి బయాప్సీ చేసిన ల్యాబులో పారఫిన్ బ్లాకు ఉంటుంది. అగ్గిపెట్టెలో పట్టేంత ప్లాస్టిక్ కేసెట్, దాని మీద నంబరు రాసి ఉంటుంది, లోపల మైనంలో మీ ముక్క. రిపోర్టు కాగితం కాదు, బ్లాకు అడగండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. నంబరు మీ రిపోర్టులో ఉన్నదేనా అని అక్కడే సరిచూసుకోండి. సిగరెట్ ఇంకా మానకపోతే, రేడియేషన్ జరుగుతుండగా కాల్చేవారిలో ఫలితం తగ్గుతుందని తెలుసుకోండి.

ప్ర: మా అన్నయ్యకు 50. మెడకి ఓ పక్క నిమ్మకాయంత గడ్డ, నొప్పి లేదు. సూదితో నీరులాంటిది తీసి, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. మూడు నెలలైనా తగ్గలేదు.
— అనకాపల్లి

జ: టీబీ బిళ్ల కూడా మందులు వాడుతుండగా కొన్నాళ్లు పెద్దదవడం ఉంది కాబట్టి తగ్గనంత మాత్రాన టీబీ కాదనలేం. కానీ ఆ రోజు తీసిన నీటిలో టీబీ క్రిమి కనబడిందా, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) చేశారా అన్నది అసలు ప్రశ్న. రెండూ లేకుండా అంచనాతో మందులు మొదలుపెట్టి ఉంటే వెనక్కి వెళ్లి చూడాల్సిందే. హెచ్‌పీవీ గొంతు క్యాన్సర్ చాలామందిలో మొట్టమొదట బయటపడేది ఇలాగే: గొంతులో ఏ బాధా ఉండదు, మెడలో నీటితో నిండిన గడ్డ వస్తుంది. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు పలచగా ఉండి సూది పరీక్షకు దొరకవు. నలభై దాటిన మనిషికి మెడలో గడ్డ రెండు మూడు వారాలు ఉండిపోతే వేరేది రుజువయ్యేదాకా క్యాన్సర్‌నే అనుమానించాలి.

ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కెమెరాతో టాన్సిళ్లు, నాలుక మొదలు, ముక్కు వెనక భాగం చూపించండి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గడ్డలోని గట్టి భాగం నుంచి మళ్లీ సూది గానీ కోర్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క తీయడం) గానీ చేయించండి. గడ్డని కోసి మొత్తంగా తీసేస్తామంటే మాత్రం ఆగండి. క్యాన్సర్ అయితే అలా కోయడం తర్వాత చేసే ఆపరేషన్‌ని చిక్కుల్లో పెడుతుంది. ముక్కలో క్యాన్సర్ కణాలు దొరికి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకపోతే అప్పుడు వైరస్ పరీక్షలు అక్కరకొస్తాయి. పీ16, హెచ్‌పీవీ పాజిటివ్ అయితే టాన్సిల్, నాలుక మొదలు వెతుకుతారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాజిటివ్ అయితే ముక్కు వెనక భాగం.

ప్ర: బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కీమోకి ముందు రక్తపరీక్షలో హెపటైటిస్-బి పాజిటివ్ వచ్చింది. ‘లివర్ వైరస్ ఉంటే కీమో ఇవ్వరు’ అని పక్క బెడ్ వాళ్లు అన్నారు.

జ: ఇస్తారు, ముందు జాగ్రత్త తీసుకుని. మా దృష్టిలో నోటి క్యాన్సర్ రోగి ఫలితాన్ని ఆచరణలో హెచ్‌పీవీ కన్నా ఎక్కువ దెబ్బతీయగల వైరస్ ఇది. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ స్టెరాయిడే. రెండూ కలిసి రోగనిరోధక శక్తి తగ్గగానే నిద్రపోతున్న వైరస్ లేచి కూర్చుంటుంది. కామెర్లు వస్తే కీమో, ఒక్కోసారి రేడియేషన్ కూడా మధ్యలో ఆపాల్సొస్తుంది. క్యాన్సర్ తిరగబెట్టేది అలాంటి విరామాల్లోనే.

హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో హెపటైటిస్-బి వైరస్ ఎంతుందో చూసేది), లివర్ ఫంక్షన్ పరీక్షలు చేయించి, కీమోకి ముందే లేదా కనీసం అదే రోజు వైరస్‌ని అణిచే మాత్ర మొదలుపెడతారు. సిస్‌ప్లాటిన్ తీసుకునేవారికి పాత రకం టెనోఫోవిర్ (టీడీఎఫ్) కన్నా ఎంటెకావిర్ మేలు, ఎందుకంటే సిస్‌ప్లాటిన్, టీడీఎఫ్ రెండూ కిడ్నీల మీదే పడతాయి. ఎంటెకావిర్ ఖాళీ కడుపున వేసుకోవాలి, తిన్న రెండు గంటల తర్వాత, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు మార్చాలి. కీమో అయిపోయిందని మాత్ర మానేస్తే అప్పుడే వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. ఆ తర్వాత కనీసం 6 నుంచి 12 నెలలు వాడాలి, ఆపేది లివర్ డాక్టరు చెప్పాకే.

ఇదే ధోరణిలో మరో పాఠకుడు హెచ్ఐవీ గురించి అడిగారు. ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడుతూ వైరస్ అదుపులో ఉన్నవారికి అందరికీ ఇచ్చే చికిత్సే ఇవ్వాలి, మోతాదు తగ్గించడానికి కారణం లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో ఉన్నది ఆ టీడీఎఫ్ రకమే కాబట్టి సిస్‌ప్లాటిన్ ఇచ్చే డాక్టరుకి తప్పక చెప్పాలి. దాచిపెడితే నష్టపోయేది మీ కిడ్నీలు.

ప్ర: రేడియేషన్ నాలుగో వారం. నోరంతా పుళ్లు. పాడేరు నుంచి వచ్చి రూము తీసుకుని ఉంటున్నాం. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్లి, నోరు కాస్త మానాక వద్దామా?

జ: వద్దు. ఒక్క రోజు వాయిదాకి కణితి అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్క. ఇప్పటికే మిషన్ పాడై ఒకటి రెండు రోజులు పోయి ఉంటే, శనివారం అదనపు సిట్టింగు గానీ, ఒకే రోజు కనీసం 6 గంటల తేడాతో రెండు సిట్టింగులు గానీ ఇవ్వగలరేమో అడగండి.

పుండు ఎలాంటిదో చూడాలి. రేడియేషన్ పుండు కిరణాలు పడే మేరకే ఉంటుంది, మీద తెల్లటి పొర ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది. తెల్లగా పెరుగు తరకల్లా ఉండి గీకితే ఊడొస్తూ, పెదవి మూలలు పగిలితే అది ఫంగస్. ఒక్క రోజులో నొప్పి ఉన్నట్టుండి రెట్టింపై, జ్వరం వచ్చి, పెదవి మీదో చిగురు మీదో, అంటే కిరణాలు పడని చోట, ఆవగింజలంత పుళ్లు గుంపుగా కనబడితే హెర్పిస్ వైరస్‌ని అనుమానించాలి. దూదిపుల్లతో శాంపిల్ తీసి పీసీఆర్ చేస్తారు, అసైక్లోవిర్‌తో తగ్గుతుంది. రేడియేషన్ పుండేలే అని వదిలేస్తే మింగలేక రోగి తనంతట తానే సిట్టింగులు మానేస్తాడు.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను తినే సోడా కలిపి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించాలి. రోజూ కొత్తగా కలుపుకోండి. పటిక నీళ్లు, ఘాటైన దుకాణం మౌత్‌వాష్ వద్దు. నొప్పికి లిగ్నోకెయిన్ జెల్ తినే ముందు పూసుకుంటారు, అది చాలకపోతే మార్ఫిన్ అడగడానికి మొహమాటపడకండి. రాగి జావలో మజ్జిగ, మెత్తగా మెదిపిన పప్పన్నం, సగం ఉడికించినవి కాకుండా బాగా ఉడికించి పాలతో మెదిపిన గుడ్డు. కారం, పులుసు, ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ప్రతి సోమవారం ఒకే మిషన్ మీద బరువు చూసి రాసుకోండి. మొదలుపెట్టిన రోజు 60 కిలోలున్న మనిషి 54కి వచ్చేదాకా చూడొద్దు, 57 దగ్గరే ఆహారం ఎక్కించే గొట్టం గురించి అడగండి.

ప్ర: మా వారికి నోటి క్యాన్సర్. ఆయనకు హెచ్‌పీవీ టీకా వేయిస్తే తిరగబెట్టకుండా ఉంటుందా? 11 ఏళ్ల బాబుకీ, 15 ఏళ్ల పాపకీ వేయించాలా?
— మధురవాడ

జ: ఆయనకు ఉపయోగం లేదు. వైరస్ రాకముందు అడ్డుకునే టీకా అది, వచ్చిన జబ్బుని తగ్గించదు. పిల్లలిద్దరికీ వేయించండి. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్ 9 నుంచి 26 ఏళ్ల అమ్మాయిలకీ అబ్బాయిలకీ అనుమతి ఉన్న టీకా, 16వ రకం కూడా అందులో ఉంది. బాబుకి 14 లోపే కాబట్టి 6 నెలల తేడాతో రెండు డోసులు చాలు. పాపకి 15 నిండాయి కాబట్టి మూడు: మొదటిది, రెండు నెలలకి, ఆరు నెలలకి. రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదట్నుంచి వేయనక్కర్లేదు, మిగిలింది వేయిస్తే చాలు. ఈ వయసు పిల్లల్లో సూది భయానికి కళ్లు తిరగడం మామూలే. ఏదైనా తినిపించి తీసుకెళ్లండి, కూర్చోబెట్టి వేయించండి, వేశాక పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి.